చేతి అంచున ఆకుపచ్చ దారం

అమ్మ పోయిన రోజు మధ్యాహ్నం చెల్లెలి ఫోను ఆగిపోయి ఉంది. మా ఇంట్లో ఆ వేసవి గురించి ఎవరు చెప్పినా అక్కణ్ణించే మొదలుపెడతారు. నాకూ వేరే మొదలు తెలియదు.

అమ్మ వంటింటి గడప దగ్గర కూలబడింది. చేతిలో ఫోను ఉంది. పక్కింటావిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చి చూసేసరికి ఆలస్యమైంది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే ప్రయత్నించేవాళ్ళమని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. రోజూ ఎవరికో ఒకరికి ఆయన చెప్పే మాటే అయి ఉంటుంది. అన్నయ్య మాత్రం దాన్ని జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చాడు.

అమ్మ ఫోనులో చివరి పిలుపులన్నీ చెల్లెలికే వెళ్ళాయి. అన్నయ్యకు చేయలేదు. బస్సు డిపోలో డ్యూటీలో ఉండగా చేస్తే విసుక్కుంటాడని ఆమెకు తెలుసు. నాకూ చేయలేదు. పరీక్షల రోజుల్లో మా టీచర్ల ఫోన్లు హెడ్మాస్టరు గది బీరువాలో ఉంటాయని తెలుసు. ఎప్పుడు చేసినా తీసేది చెల్లెలు ఒక్కతే. అందుకని ఆమెకే చేసింది. అందుకని తప్పు ఆమెదే అయింది. బీరువాలో పడి ఉన్న నా ఫోను గురించి ఎవరూ ఏమీ అనలేదు.

చెల్లెలు బట్టలు కుడుతుంది. పెళ్ళి నిలవలేదు. అమ్మ ఇంటికే తిరిగి వచ్చి, రెండు వీధుల అవతల ఒక చిన్న గది అద్దెకు తీసుకుని మిషను పెట్టుకుంది. అన్నయ్య పిల్లలు మిషనత్త అని పిలిస్తే వీధి మొత్తానికి ఆ పేరే స్థిరపడింది. పని అమ్మ దగ్గర నేర్చుకుంది. చేతికుట్టు ముగించేటప్పుడు దారాన్ని ముడివేయదు. వెనక్కి రెండు కుట్లు వేసి, వాటి మీదుగా అడ్డంగా ఇంకొకటి బిగించి తెంపుతుంది. అమ్మ కూడా అంతే. మా బడి చొక్కాలన్నిటి మీదా ఆ అడ్డుకుట్టు ఉండేది. చొక్కా చిరిగేది గాని అక్కడ మాత్రం ఊడేది కాదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళంతా హాల్లో కూర్చుని ఉండగానే అన్నయ్య ఆ మాట అన్నాడు.

"పని చేసుకుంటుంటే మహారాణిని ఎవరూ కదపకూడదు. ఫోను కట్టేసుకుని కూర్చుంది. ఇక్కడ అమ్మ పోతూ పోతూ దానికే మోగించుకుంటోంది."

చెల్లెలు వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. "నేను కట్టెయ్యలేదన్నయ్యా. అదే ఆగిపోయింది. కొన్న వారంలోనే మొదలైందది. కొంచెం వేడెక్కితే చాలు, ఆగిపోతుంది. సర్వీస్ సెంటర్‌కి కూడా తీసుకెళ్ళా."

"ఎప్పుడు?"

"అప్పుడే. అమ్మ బాగున్నప్పుడే. ఏదో అప్‌డేట్ చేశాం, ఇంక ఫర్లేదు, వెళ్ళమన్నారు."

"కాయితం ఏది?"

"ఇవ్వలేదు."

"బాగుంది. చెప్పులు బయట విడిస్తే టోకెన్ ఇస్తున్నారు ఈ రోజుల్లో. ఫోను చూసినవాళ్ళు కాయితం ఇవ్వలేదట."

"ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మకి తెలుసు."

"అమ్మకి తెలుసా. అయితే సరే, వెళ్ళి అమ్మనే అడుగుదాం."

ఎవరో సన్నగా దగ్గారు. వదిన గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ రోజు నుంచి అన్నయ్య చెల్లెలితో మాట్లాడటం మానేశాడు. ఎదురుగా ఉన్నా వదిన ద్వారానే. "ఆవిడగారి భోజనం అయిందేమో కనుక్కో, గేటు వేసుకోవాలి" అనేవాడు. ఆమె కుట్టిన చొక్కాలు మాత్రం తొడుక్కునేవాడు. అవి తప్ప ఆయనకు వేరే చొక్కాలు లేవు.

ఆ తర్వాత ఫోను పూర్తిగా చచ్చిపోయింది. చెల్లెల్ని వెంటబెట్టుకుని నేను సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. నాకు ఫోను బాగుపడనక్కర్లేదు. అది మొదటి నుంచీ చెడ్డదేననీ, ఈమె ముందుగానే తెచ్చి చూపించిందనీ వాళ్ళ నోట ఒక మాట కావాలి. ఆ మాట అన్నయ్య ముందు పెట్టాలి. అంతే.

అద్దాల తలుపు తీయగానే చల్లగాలి ముఖాన కొట్టింది. నాలుగు రోజులుగా ఎవరూ తుడవని కుర్చీలు. గోడ నిండా పెద్ద బొమ్మ. అందులో ఒక అమ్మాయి జడివానలో తడుస్తూ, అదే రకం ఫోనును ఆకాశానికి ఎత్తి నవ్వుతోంది. దాని కిందే, టై కట్టుకున్న మేనేజరు మా ఫోను వెనక రేకు ఊడదీసి, భూతద్దం పెట్టి నాకు చూపించాడు.

"లోపల నీళ్ళు పోయాయి సార్. ఈ చుక్క తెల్లగా ఉండాలి. చూడండి, ఎర్రబడింది. నీళ్ళు పోయిన కేసులో వారంటీ రాదు."

"నీళ్ళలో పడలేదు" అన్నాను.

ఆయన నన్ను వదిలి చెల్లెలి వైపు తిరిగాడు. గొంతులో తేనె పోసుకుని అడిగాడు. "పని చేసేటప్పుడు ఫోను ఎక్కడ పెట్టుకుంటారమ్మా?"

"ఇస్త్రీ బల్ల మీదండి. ఆవిరి పెట్టె కదా, ఆవిరేమైనా తగిలిందేమో. తగిలే ఉంటుంది."

చెల్లెలి పద్ధతే అంత. కొలతలో తేడా వస్తే బట్ట చేతికిచ్చే ముందే ఇక్కడ అర అంగుళం పోయింది అని తానే చెప్పేస్తుంది. అది ఆమె వ్యాపారంలో చెల్లుతుంది. జనం తిరిగి తిరిగి ఆమె దగ్గరికే వస్తారు. ఇక్కడ మేనేజరు వేళ్ళు టకటకా కదిలాయి. కంప్యూటర్‌లో ఏం కొట్టాడో నేను వంగి చదివాను. కస్టమర్ ఒప్పుకున్నారు, అని ఉంది.

"ఒప్పుకోలేదండీ. చెప్పింది."

"రెండూ ఒకటే కదా సార్."

"కాదు."

"సార్ టీచరా?" అని నవ్వాడు. నవ్వులో వెక్కిరింపు కూడా లేదు. ఉంటే బాగుండేది.

"ఈమె ఇంతకుముందే దీన్ని ఇక్కడికి తెచ్చింది. అప్పటికి ఈ చుక్క తెల్లగానే ఉండి ఉంటుంది. అప్పుడెందుకు ఆగిపోయిందో మీవాళ్ళు చెప్పాలి."

"సిస్టంలో లేదు సార్. సిస్టంలో లేకపోతే రానట్టే."

"పైన కెమెరా ఉందిగా."

"కొన్నాళ్ళకి చెరిగిపోతుంది సార్."

చెల్లెలు చుట్టూ చూసి, "ఆ రోజు కౌంటర్‌లో ఒక అమ్మాయి ఉందండి. ఆ పిల్లే చూసింది" అంది.

"సెలవులో ఉందమ్మా."

బయటికొచ్చాక చెల్లెలు అడిగింది. "ఆవిరి సంగతి చెప్పకుండా ఉండాల్సిందా చిన్నన్నయ్యా?"

"నిజమే కదా చెప్పావు."

"నిజమే. కానీ నీ ముఖం అలా లేదు."

ఆ తర్వాతి వారాలు కంపెనీ వాళ్ళకు ఫోన్లు చేయడంలో గడిచాయి. బడికి సెలవులు. మూల్యాంకనం ముగించుకుని ఇంటికొచ్చి, ఎర్ర సిరా అంటిన వేళ్ళతోనే మీటలు నొక్కేవాణ్ణి. మీ పిలుపు మాకు ఎంతో విలువైనది అని ఒక గొంతు చెప్పేది. తర్వాత సంగీతం. తర్వాత ఎవరో ఒక కుర్రాడు వచ్చి, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అనేవాడు. ఒకసారి ఉండబట్టలేక, మా అమ్మ చనిపోయింది అన్నాను. అవతల కాగితం తిప్పినట్టు చిన్న చప్పుడు. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

అసహ్యం అనే మాటను నేను తరగతిలో పలకను. పిల్లలు దాన్ని పట్టుకుని ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఆ వేసవిలో నాకు కలిగినదానికి మాత్రం మరో మాట దొరకలేదు. కోపమైతే అరిచేస్తే కొంత పోతుంది. ఇది జిడ్డు చేత్తో రోజంతా తిరిగినట్టుండేది. వాళ్ళ మర్యాద తలచుకుంటే ఒళ్ళు కంపరమెత్తేది. ఇంటికొస్తే భోజనాల దగ్గర అన్నయ్య, "ఏమైందిరా నీ కేసు? ఫోను సాక్ష్యం చెప్పిందా?" అనేవాడు. చెల్లెలు ఆయన పళ్ళెంలో వడ్డించబోతే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ అరచెయ్యి చూసినా నాకు అదే కంపరం.

రెండోసారి ఒక్కణ్ణే వెళ్ళాను. ఈసారి కౌంటర్‌లో ఆ అమ్మాయి ఉంది. నీలం యూనిఫాం చొక్కా. ఇరవై దాటి ఉండవు. పక్కనే మేనేజరు ఎవరికో ఫోను తెర మీద గాజు పలక అంటించుకోమని నచ్చజెబుతున్నాడు.

"ఈ ఫోను మా చెల్లెలిదమ్మా. ఎండలు మొదలైనప్పుడు నీ దగ్గరికి తెచ్చింది. గుర్తుందా?"

"లేదు సార్. రోజూ చాలామంది వస్తారు." తల ఎత్తకుండానే ఫోను అందుకోవడానికి కుడిచెయ్యి చాచింది.

చొక్కా చేతి అంచు నీలం దారంతో మిషను మీద కుట్టి ఉంది. ఒకచోట మాత్రం వేలెడంత మేర ముదురు ఆకుపచ్చ దారం. చేతికుట్టు. చివర ముడి లేదు. వెనక్కి రెండు కుట్లు, వాటి మీదుగా అడ్డంగా ఒకటి.

నేను చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయినట్టున్నాను. అమ్మ పోయాక ఆ కుట్టును అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"కుట్టు బాగుందమ్మా" అన్నాను.

ఆమె చెయ్యి కౌంటరు కిందికి వెళ్ళిపోయింది.

మేనేజరు టీ కోసం లోపలికి వెళ్ళేదాకా నేను కదల్లేదు. అప్పుడు ఆ అమ్మాయే గొంతు తగ్గించి మాట్లాడింది.

"మొదటిసారి వచ్చినవి రాయొద్దంటారు సార్. అప్‌డేట్ చేసి పంపెయ్యమంటారు. రాసుకున్న ఫోను మళ్ళీ వెనక్కొస్తే మా సెంటర్‌కి మార్కులు తగ్గుతాయి. మార్కులు తగ్గితే మా జీతాల్లో కోస్తారు."

"ఆమె వచ్చిందని ఒక్క ముక్క రాసివ్వు. నీ పేరు కూడా వద్దు. మా అన్నయ్యకు చూపించి చింపేస్తాను."

"మీ చెల్లెలికి ఇంట్లో మాట పడుతుంది సార్. నాకు ఇల్లే గడవదు."

ఆమె మీద జాలిపడాలని తెలుసు. తన చొక్కా మీద మా అమ్మ నేర్పిన కుట్టు పెట్టుకుని, లేదు సార్ అన్న ఆ గొంతును మాత్రం సహించలేకపోయాను. వినియోగదారుల కమిషన్‌కు వెళుతున్నానని మేనేజరుకు చెప్పి బయటికొచ్చాను.

సాయంత్రం మిషను గదికి వెళ్ళి అడిగాను. "ఆ రోజు సెంటర్‌లో ఎవరికైనా ఏమైనా కుట్టావా?"

చెల్లెలు మిషను ఆపింది. "ఆ... ఆ పిల్లకి చేతి అంచు ఊడి వేలాడుతోంది. కాయితాలు తీసిన ప్రతిసారీ తగులుకుంటోంది. చూడలేక రెండు పోట్లు వేశా. సంచీలో ఆకుపచ్చే ఉంది. రంగు కలవలేదు, ఏమీ అనుకోకు అన్నాను."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా."

"కుట్టింది కూడా చెప్పుకుంటారా ఎవరైనా?" అని మళ్ళీ మిషను తొక్కసాగింది.

అన్నయ్యకు నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పేపరు దించలేదు.

"అమ్మ కుట్టు నీకు తెలుసు కదా. ఒక్కసారి వచ్చి చూడు. చూశాక నీ ఇష్టం."

"సరే పద. కుట్లు చూడటానికి ఫోన్ల దుకాణానికి. మన వంశంలో ఇదొక్కటే తక్కువైంది."

ఆ మాటకే వచ్చేవాడు కాదేమో. కమిషన్ పేరు పనిచేసింది. రాజీకి రమ్మని మేనేజరే ఫోను చేశాడు. డబ్బుతో పనిపడే చోటికి పెద్దవాడు వెళ్ళాలని అన్నయ్య బయలుదేరాడు.

ఈసారి మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. బల్ల మీద కొత్త ఫోను పెట్టె, దాని పక్కన ఒక కాగితం. పాత ఫోనులో కంపెనీ లోపమేమీ లేదనీ, సద్భావంతో కొత్తది ఇస్తున్నామనీ, పాతది తమ దగ్గరే ఉంచుకుంటామనీ, ఇక ఎవరికీ ఎక్కడా ఏమీ చెప్పబోమనీ అందులో ఉంది.

"కొత్త ఫోను వద్దండీ" అన్నాను. "మా చెల్లెలు ముందే తెచ్చి చూపించిందని ఒక్క వాక్యం రాయండి. ఈ పెట్టె మీరే ఉంచుకోండి."

"కొత్త ఫోను ఇవ్వడానికి నాకు పవర్ ఉంది సార్. వాక్యం రాయడానికి లేదు" అన్నాడు మేనేజరు. అని కౌంటర్ వైపు తిరిగి, "అమ్మాయ్, ఆ రెండో కాపీ ఇలా తే" అన్నాడు.

ఆ అమ్మాయి కాగితం తెచ్చి అన్నయ్య ముందు పెట్టింది. నేను ఆమె చేతి అంచు చూశాను. ఆకుపచ్చ దారం లేదు. విప్పేసి, దాని మీద నీలం దారంతో మిషను కుట్టు వేయించింది.

మళ్ళీ అదే అసహ్యం. నా మాట గాలిమాట అయిపోయిందని కాదు. ఆమె కూర్చుని, బ్లేడు మొనతో, ఒక్కొక్క పోగూ ఏరి ఉంటుంది. అది కళ్ళకు కట్టింది.

అన్నయ్య నన్ను చూశాడు. "ఏదిరా, ఏం చూపిస్తానన్నావు?" అని ఎగతాళిగా కనుబొమలు ఎత్తాడు. తర్వాత కాగితం చదవడానికని కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు. ఆ అమ్మాయి వేలితో సంతకం చోటు చూపిస్తోంది. చెయ్యి ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది.

అప్పుడు నాకూ కనబడింది. కొత్త కుట్టుకు పక్కగా వరసగా సూది బెజ్జాలు మిగిలాయి. వరస చివర బట్ట కాస్త పీకినట్టయి, పోగులు లేచి, ఆ పోగుల మధ్య చీమ తలంత ఆకుపచ్చ. అడ్డుకుట్టు రాలేదు. లాగితే బట్ట చిరుగుతుందని అక్కడ వదిలేసినట్టుంది.

అన్నయ్య చూపు కాగితం మీద లేదు. అంతసేపు ఒక వరుస చదవడానికి పట్టదు. ఆయన చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉన్నాయి. ఒక చేతి మడత విప్పి, అంచును వేళ్ళతో తిప్పి చూసుకున్నాడు. తెల్ల చొక్కా మీద తెల్ల దారం, చివర అదే అడ్డుకుట్టు. మళ్ళీ మడిచేసుకున్నాడు.

ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సంతకం ఎక్కడన్నారు?" అన్నాడు అన్నయ్య.

"ఆమె పెట్టాలి. ఫోను ఆమెది" అన్నాను.

"ఇంట్లో ఎవరు పెట్టినా ఫర్లేదు సార్" అన్నాడు మేనేజరు.

అన్నయ్య పెట్టాడు. పెట్టె సంచీలో వేసి నా చేతికిచ్చాడు. తలుపు దాటేటప్పుడు మేనేజరు, తమ సేవలకు మంచి మార్కులు వేయమని వెనక నుంచి గుర్తుచేశాడు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. సగం దారి అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు.

"చూశావు కదా" అన్నాను.

"ఎండ బాగా ముదిరింది" అన్నాడు.

ఇంట్లో అడుగు పెడుతూనే వదినతో, "గొడవ తీరింది. కొత్తదే ఇచ్చారు. ఆవిడకి ఇచ్చెయ్" అన్నాడు. చెల్లెలు అక్కడే బియ్యం ఏరుతోంది. ఆయన ఆమెను దాటుకుని కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు మామూలు కంటే ఎక్కువసేపు వినబడింది.

చెల్లెలు చేట పక్కన పెట్టింది. "అన్నయ్య చూశాడా?"

"చూశాడు. మిగిలినంత వరకు."

"ఊడదీసేశారా?"

"అడ్డుకుట్టు రాలేదు."

ఆమె తల ఊపింది. "ఏమన్నాడు?"

"ఎండ ముదిరిందన్నాడు."

చెల్లెలు నవ్వుతుందనుకున్నాను. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

నేను చెప్పేవాణ్ణే. వదినకు, పక్కింటావిడకు, ఆ రోజు హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ. చెల్లెలే వద్దంది. "నువ్వు మొదటి నుంచీ నమ్మావుగా చిన్నన్నయ్యా. నువ్వు చెబితే ఏం లాభం? ఆ మాట అన్నవాడు వేరు" అంది.

ఇప్పుడు బడి తెరిచారు. మిషను గది నిండా యూనిఫాం బట్టలు గుట్టగా ఉన్నాయి. కొత్త ఫోను పెట్టె మీది ప్లాస్టిక్ కూడా చెల్లెలు చింపలేదు. దారపు రీళ్ళు దొర్లిపోకుండా దాన్ని అడ్డం పెట్టుకుంది. పని ఉన్నవాళ్ళు వీధిలోంచే మిషనత్తా అని కేకేస్తున్నారు. మొన్న అన్నయ్య చొక్కా ఒకటి చంక దగ్గర పిగిలితే వదిన తెచ్చిచ్చింది. చెల్లెలు కుట్టి, అడ్డుకుట్టు బిగించి పంపింది. ఆయన తొడుక్కుని డ్యూటీకి వెళ్ళాడు. భోజనాల దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టడం మానేశాడు. ఆమె వడ్డిస్తే తింటున్నాడు, తల ఎత్తకుండా.

నీ తప్పు లేదు, అన్న మాట అన్నయ్య చెల్లెలితో ఇంకా అనలేదు.